అడుగు పళ్ళెంలో మిగిలినది

కొలతల గది, గాజుసీసాల ఫ్యాక్టరీ
మార్చి 4

చిరంజీవి తమ్ముడికి,
(ఆశీస్సులు యథావిధిగా జతపరచడమైనది.)

విషయం: ఆదివారపు ఫోన్ల రద్దు గురించి.

ఈ నెల మొదటి తేదీ నుంచి మన ఇద్దరి మధ్య ఫోను సంభాషణలు నిలిపివేయడమైనదని, ఇకమీదట సమస్త వ్యవహారాలూ ఉత్తరాల ద్వారానే జరుగుతాయని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఫోనులో మాట్లాడినదానికి రికార్డు ఉండదు. కిందటి నెలలో నువ్వు "అన్నం తిన్నానక్కా" అని మూడుసార్లు చెప్పావు. వాటిలో రెండు అబద్ధాలని నా అనుమానం. రుజువు లేనందున చర్య తీసుకోలేకపోయాను. కాగితం మీద అబద్ధమాడే అలవాటు మన ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి ఈ ఏర్పాటు.

మీ బావ దీనిని వ్యతిరేకించారు. ఆయన అభ్యంతరాన్ని నమోదు చేసి, పక్కన పెట్టాను.

రెండో అంశం. బావ కుట్టుషాపుకు వచ్చేవాళ్ళు "మీ బావమరిది ఏం చేస్తుంటాడు?" అని అడుగుతున్నారు. "మబ్బుల మీద పని" అని ఆయన జవాబు. నిన్న ఒకాయన "అయితే రేపు వాన ఉందా? ఈ ప్యాంటు ఉతకొచ్చా?" అన్నాడట. బావ మిషను మీద నుంచి తలెత్తకుండా "మావాడి మబ్బులు ఇక్కడివి కావండీ, మీరు నిశ్చింతగా ఉతుక్కోండి" అన్నారు. ఇలాంటి సమాధానాలతో షాపు పరువు ఎన్నాళ్ళు నిలుస్తుంది? నీ ఉద్యోగ స్వరూపాన్ని ఒక దర్జీకి బోధపడేలా రాసి పంపవలసినదిగా కోరడమైనది.

ఇట్లు,
అక్క
కొలతల అధికారి (ఈ గదిలో సిబ్బందీ నేనే)

*

పరిశోధనాలయం, మూడో అంతస్తు, కిటికీ లేని గది
మార్చి 13

అక్కా,

నీ సర్క్యులరు అందింది. ఆరేళ్ళ వయసులో అమ్మ నన్ను నీ చేతికి వదిలేసి పోయిన నాటి నుంచి నీ ఉత్తర్వును నేను ధిక్కరించినట్టు రికార్డు లేదు. ఇప్పుడూ ధిక్కరించను. గొంతు వినకపోతే ఆదివారానికి ఉప్పు తగ్గినట్టుంటుందన్న మాట మాత్రం నా అభ్యంతరంగా నమోదు చేసి, బావగారి అభ్యంతరం పక్కనే పెట్టు.

బావకు ఇలా చెప్పు. ఆకాశంలో గోధుమ మరుగుజ్జులని ఒక జాతి ఉంది. పేరులోని రెండు మాటల్లోనూ నిజం తక్కువ. అవి గోధుమ రంగులో ఉండవు. ఒక్కొక్కటి మన బృహస్పతి అంత ఉంటుంది కాబట్టి మరుగుజ్జులని అనడమూ కష్టమే. నక్షత్రాలు కాబోయి బరువు చాలక ఆగిపోయినవి. నక్షత్రాలు వాటిని తమ పంక్తిలో కూర్చోనివ్వవు, గ్రహాల పంక్తిలో అవి ఇమడవు. (ఇది చదువుతుంటే మన బాబాయి గుర్తొస్తే తప్పు నాది కాదు.) వేయి డిగ్రీలు దాటిన ఆ వేడికి అక్కడ రాయి కూడా ఆవిరైపోతుంది. ఆ ఆవిరి పైకి వెళ్ళి, చల్లబడి, గింజ కట్టి, మబ్బవుతుంది. ఇసుక మబ్బు అక్కా! మీరు సీసాలు చేసే ఆ ఇసుకే.

ఆ మబ్బులో గింజ ఎంత సైజు ఉంటుందో లెక్క కట్టడమే నా ఉద్యోగం. గాలి పైకి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది. ఆ పేచీలో నెగ్గే సగటు గింజ సైజు నా ప్రోగ్రాము చెబుతుంది. చిక్కు ఏమిటంటే, టెలిస్కోపులో చూస్తే ఎరుపుకు అవతలి, కంటికి కనపడని కాంతిలో ఒకచోట వెలుగు కుంగి, చిన్న గుంట పడుతోంది. అది ఇసుక పెట్టిన సంతకం. నా ప్రోగ్రాములో మబ్బు ఉంది, ఇసుక ఉంది, గుంట లేదు. ఎనిమిది నెలలుగా లేదు. మా హెడ్డు రోజూ వచ్చి, నా భుజం మీదుగా తెర చూసి, "ఊఁ" అని వెళ్తారు. ఆ ఊఁ నానాటికీ పొట్టిదవుతోంది.

పందొమ్మిదేళ్ళుగా ఇసుకను కొలుస్తున్న మనిషివి. గింజ సైజు నువ్వెలా తేలుస్తావు?

తిన్నాను. రాతపూర్వకంగా.

నీ తమ్ముడు

*

కొలతల గది
మార్చి 24

తమ్ముడికి,

విషయం: ఇసుకను కొలుచు విధానం, మరియు నీ తెలివితక్కువతనం.

ఏడు జల్లెడలను దొంతరగా పేరుస్తాను, పైన పెద్ద కన్నాలది, అడుగున సన్న కన్నాలది. పైన గుప్పెడు ఇసుక పోస్తే మోటారు పది నిమిషాలు ఊపుతుంది. నేను పర్యవేక్షిస్తాను. ఏ జల్లెడలో ఎంత నిలిచిందో తూచి రాస్తాను. ఏడో జల్లెడలోంచి కూడా జారినది అడుగు పళ్ళెంలో పడుతుంది. అది మహా సన్నం. వేలు పెడితే అంటుకుంటుంది, ఊపిరి తగిలితే లేస్తుంది, తూకానికి ఆనదు. నివేదికలో "ఇతరములు" అని రాసి కింద గీత గీస్తాను.

మిక్సింగ్ షెడ్డులో గాలినీ ఇలాగే కొలుస్తాను. పంపు గాలిని పీలుస్తుంది, తెల్ల కాగితపు బిళ్ళ మీద ధూళి నిలుస్తుంది, బిళ్ళను తూస్తాను. మూడు నెలలకొక నివేదిక. "పరిమితికి లోబడి ఉన్నది" అని రాసి సంతకం. ఇప్పటికి డెబ్బై ఆరు నివేదికలు, డెబ్బై ఆరు సంతకాలు. వాడిన బిళ్ళలన్నీ తేదీ వేసిన కవర్లలో భద్రం. దాచమని ఎవరూ చెప్పలేదు. పారేయమనీ చెప్పలేదు.

ఇక నీ సంగతి. మబ్బులో గింజలన్నిటికీ కలిపి ఒక్క సగటు రాశానన్నావు. ఆ సగటు దేని సగటు? తూకానిదేనా? అలా అన్నిటినీ ఒకే గాటన కట్టేశాక ఇంకేం కనపడుతుంది నాయనా! పదింతల వెడల్పున్న గింజ వెయ్యింతలు బరువు తూగుతుంది. అంటే ఒక్క లావుపాటి గింజ వచ్చి కాటాలో కూర్చుంటే, వెయ్యి నలుసులు కలిసివస్తేగానీ దానికి సమానం కావు. తూకం అడిగితే లావుదే మాట చెల్లుతుంది. వెలుగుకు అడ్డం పడేది ఎవరు అని అడిగితే మాట వేరు. షెడ్డు కిటికీలోంచి ఎండ పడినప్పుడు మెరిసేవి గింజలు కావురా, నలుసులే.

కొలతల గదిలో చేరిన మొదటి వారంలోనే ఇది తెలుస్తుంది. నీకు తెలియడానికి డాక్టరేటు అడ్డం వచ్చినట్టుంది.

అక్క

*

పరిశోధనాలయం
ఏప్రిల్ 17

అక్కా! అక్కా!

గుంట పడింది!

నువ్వన్నది నిజం. తూకపు సగటు పట్టుకుని ఎనిమిది నెలలు వేలాడాను. నా మబ్బంతా లావు గింజలే. అవి అన్ని రంగుల వెలుగునూ సమానంగా ఆపుతాయి, ఇక గుంట ఎక్కడ పడుతుంది? నీ అడుగు పళ్ళెం తెచ్చి మబ్బు పైకప్పులో బోర్లించాను. తల వెంట్రుక మందంలో నూరో వంతు కూడా లేని నలుసులు. తూకంలో ఆవగింజలో అరవయ్యో వంతు. సరిగ్గా టెలిస్కోపు చూపిన చోటే వెలుగు కుంగింది.

హెడ్డు వచ్చారు. చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మూడేళ్ళలో ఆయన నా గదిలో కూర్చోవడం ఇదే మొదలు.

"ఎవరిదయ్యా ఈ ఆలోచన?"

"మా అక్కదండీ."

"ఏ యూనివర్సిటీ?"

"గాజుసీసాల ఫ్యాక్టరీ అండీ."

"ఊఁ" అన్నారు. ఇది మాత్రం పొడుగుది.

చిత్రమేమిటంటే ఆ నలుసులు కిందికి దిగవు. గాలి ఎటు వెళ్తే అటు వెళ్తాయి, ఎంత సందులోకైనా దూరతాయి. పెద్దవి ఎక్కడో ఒకచోట తట్టుకుని ఆగిపోతాయి గానీ ఇవి ఆగవు. అన్నట్టు, మీ షెడ్డులో "ఇతరములు" చివరికి ఎటు పోతాయి?

తమ్ముడు

*

కొలతల గది
మే 2

తమ్ముడికి,

విషయం: నీ ప్రశ్న.

సదరు ప్రశ్న ఈ విభాగం పరిధిలోకి రాదు. షెడ్డులో గాలి పరిమితికి లోబడి ఉన్నది. నీ గుంటకు అభినందనలు.

అక్క

(అదే కవరులో, దర్జీ కొలతల చీటీ వెనక:)

బావమరిదికి,

మీ అక్క రాసిన కవరు అంటించి డబ్బాలో వేసే పని నాది కాబట్టి ఈ చీటీ దూర్చగలిగాను. చలికాలం నుంచీ దగ్గుతోందయ్యా. మూడు మాటలు వరసగా మాట్లాడలేదు. ఫోనులో అయితే నువ్వు పట్టేస్తావని ఈ ఉత్తరాల నాటకం. రెండు దిళ్ళు వీపు వెనక పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. ఆస్పత్రికి పదమంటే "ధూళి పరిమితిలో ఉండగా నాకెందుకొస్తుంది?" అని నన్నే నిలదీస్తుంది. కోటుకు కొలత తీయమంటే తీస్తాను గానీ మీ అక్క మొండితనానికి టేపు చాలడం లేదు. నేను చెప్పానని మాత్రం అనకు, నా బతుకు బజారున పడుతుంది.

బావ

*

పరిశోధనాలయం
మే 14

అక్కా,

విషయం: నీ ఊపిరి.

ముందుగా, బావ నాకేమీ చెప్పలేదు. ఆయన ఏమీ చెప్పలేదన్న సంగతి ప్రత్యేకంగా నమోదు చేసుకోవలసిందిగా కోరుతున్నాను.

పది ఆదివారాలైంది నీ గొంతు విని. రికార్డు కోసమన్నావు, నమ్మాను. నువ్వు చెప్పినదాన్ని నమ్మడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న అలవాటు. నా ప్రశ్నకు నువ్వు రాసిన మూడు వాక్యాల జవాబులో ఒక్క తిట్టూ లేదు. తిట్టని అక్కను నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు నా ప్రోగ్రాములో మబ్బు తీసేసి, షెడ్డునూ అందులో ఊపిరి పీల్చే ఒక మనిషినీ పెట్టాను. అదే ఇసుక, అదే గాలి, అదే బరువు. లావు గింజలు ముక్కులోనే ఆగిపోయాయి. నలుసులు ఆగలేదు, ఊపిరితిత్తుల అట్టడుగుదాకా వెళ్ళాయి. ప్రోగ్రాము తప్పేమోనని నాలుగుసార్లు నడిపాను. అది తప్పు కావాలని నేను కోరుకోవడం ఇదే మొదటిసారి.

రోజుకు మూడుసార్లు ఆ షెడ్డులోకి వెళ్ళి బిళ్ళ మార్చేది నువ్వే కదా. పందొమ్మిదేళ్ళు. ఎక్స్‌రే తీయించుకో అక్కా. నా చిన్నప్పుడు జ్వరమొస్తే మందు మింగనని మొరాయించిన నన్ను కాళ్ళ మధ్య ఇరికించుకుని ముక్కు మూసి పోసేదానివి. నాకు ఆ అధికారం లేదు, అడగడమే తప్ప. పదిహేను రోజుల్లో నీ నుంచి జవాబు రాకపోతే బయలుదేరి వచ్చేస్తాను.

తమ్ముడు

*

ఇల్లు
మే 26

తమ్ముడూ,

రావద్దు. నిన్ను చూస్తే ఏడుపొస్తుంది. ఏడిస్తే దగ్గొస్తుంది. ఆ దగ్గు ఆగడానికి పావుగంట పడుతుంది.

మీ బావ ఏమీ చెప్పలేదన్న విషయం నమోదు చేసుకున్నాను. ఏమీ చెప్పనందుకు ఆయనకు తగిన శాస్తి జరిగింది.

విషయం అని పైన రాయలేదు, గమనించావా? ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఏమని రాయాలో తోచలేదు. ఎక్స్‌రేకు భయపడుతున్నానని అనుకుంటున్నావు. అది కాదు. నా దగ్గు నిజమైతే నా సంతకం అబద్ధం. డెబ్బై ఆరు అబద్ధాలు. కాగితం మీద అబద్ధమాడే అలవాటు మన ఇంట్లో లేదని నీకు నేనే రాశాను.

షెడ్డులో పదకొండు మంది పనిచేస్తున్నారు. నాలుగేళ్ళ కిందట పన్నెండు. ఆ పన్నెండో మనిషిని అందరూ మిక్సరు తాత అనేవాళ్ళు. ఒకరోజు నా గది గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, ఈ దుమ్ము నన్ను తినేస్తోంది" అన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. నివేదిక తిప్పి చూపించాను. "చూడు తాతా, పరిమితిలోనే ఉంది. నీది వయసు దగ్గు" అన్నాను. వ్యంగ్యంగా కాదురా, మెత్తగానే, ధైర్యం చెబుతున్నాననుకునే అన్నాను. "మీరు సంతకం పెట్టాక ఇంకేముందమ్మా" అని ఒక నకలు అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆర్నెల్లకు పని మానేశాడు.

వెయ్యి నలుసులు కలిస్తేగానీ ఒక్క గింజ బరువు తూగవని నీకు పాఠం చెప్పినదాన్ని. మొదటి వారంలోనే తెలిసింది నాకు. తెలిసి, పందొమ్మిదేళ్ళు "ఇతరములు" అని రాసి గీత గీశాను. ఆ ఇతరములు ఎవరో నాకు తట్టలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు అడుగు పళ్ళెం చేతిలోకి తీసుకుని చూశాను. ఊపిరి బిగబట్టి తూచడం మాకు నియమం. మా ఊపిరికి అది లేచిపోతే తూకం తప్పుతుందని ఆ నియమం. ఊపిరి పాడవుతుందని కాదు.

అక్క

*

పరిశోధనాలయం
జూన్ 5

అక్కా,

నీ కాటాలో తప్పు లేదు. నీకిచ్చిన ప్రశ్నలో ఉంది. "ఎంత బరువు?" అని అడిగారు, నువ్వు నిజమే చెప్పావు. "ఎన్ని?" అని నిన్నెవరూ అడగలేదు. నన్నూ అడగలేదు. నేను రెండేళ్ళ కిందట అచ్చు వేసిన వ్యాసం కూడా తూకపు సగటు మీదే నిలబడింది. దాన్ని చూసి మరో నలుగురు లెక్కలు కట్టుకున్నారు. కిందటి వారం అందరి ముందూ నిలబడి అది తప్పని చెప్పాను. వెనక వరసలో ఒకాయన, "ఇంత ఆలస్యంగానా?" అన్నాడు. "అవునండీ, ఇంత ఆలస్యంగానే" అన్నాను. తరువాత కూర్చున్నాను. కుర్చీ విరగలేదు.

నా తప్పు వల్ల ఎవరికీ దగ్గు రాలేదు, తెలుసు. రెండూ ఒకటేనని అనను. కానీ సరిచేసే పని రెండింటికీ ఒకటే.

నీ బిళ్ళలు పంపు. మా కింది అంతస్తులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంది. నలుసులను తూచకుండా లెక్కపెడుతుంది. దాన్ని చూసుకునే ఆమె చాలా కఠినురాలు, ఎవరికీ సమయమివ్వదు. "మా అక్క" అని ఒక్క మాట అన్నాను; అడుగు పళ్ళెం కథ ఆమె చెవినా పడిందట. కళ్ళజోడు తీసి, "సోమవారం నుంచి ఉదయాలు నీవి" అంది. పందొమ్మిదేళ్ళ గాలిని ఇంత పద్ధతిగా కవర్లలో దాచిన మనిషి ప్రపంచంలో మరొకరు ఉండరని కూడా అంది.

మరి ఎక్స్‌రే?

తమ్ముడు

*

ఇల్లు
జులై 19

చిరంజీవి తమ్ముడికి,

విషయం: జరిగినవి, వరసగా.

ఒకటి. నా బిళ్ళల మీది నలుసులు లెక్కపెట్టి నువ్వు పంపిన కాగితం అందింది. కూర్చుని చదివాను. లేచి, షెడ్డుకు వెళ్ళి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, పదకొండు మందికీ చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఆగవలసి వచ్చింది. చివర్లో ఒకతను, "మీరు కూడా మాతో వస్తారా మేడమ్, ఆస్పత్రికి?" అన్నాడు.

రెండు. పన్నెండు మందిమీ వెళ్ళాం. బావ షాపు మూసి వెంట వచ్చారు. వరసలో చొక్కాలు విప్పి నిలబడ్డవాళ్ళను చూసి ఆయనకు చేతులు ఆగలేదు, అందరి భుజాలూ కళ్ళతోనే కొలిచేశారు. ఇద్దరి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ముగ్గురివి నాకంటే అధ్వానం. నా ఊపిరితిత్తుల ఫొటో దీపం ముందు పెట్టి డాక్టరు చూపించాడు. తెల్లటి చుక్కలు. "పోతాయా?" అని బావ అడిగారు. "పోవండీ. దుమ్ముకు దూరంగా ఉంటే పెరగకుండా చూడొచ్చు" అన్నాడు. మెట్లు నెమ్మదిగా ఎక్కాలి, మందు పీల్చాలి, చలికి జాగ్రత్త పడాలి. ఇదీ నా పరిస్థితి. ఏదీ దాచలేదు. బావ పక్కనుంచి చదివి, సరిగానే ఉందని తల ఊపారు.

మూడు. డెబ్బై ఏడో నివేదికలో సంతకం పెట్టలేదు. మేనేజరు పిలిపించాడు. "మేడమ్, ఆ గడిలో 'పరిమితికి లోబడి ఉన్నది' అనే మాటే పడుతుంది. అంతకంటే చోటు లేదు" అన్నాడు. "అందుకే వెనకవైపు రాశానండీ" అన్నాను. తిప్పి చూశాడు. నాలుగు పేజీలు. షెడ్డులో దుమ్ము ఉన్నదా లేదా అని తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీ సభ్యులు ముగ్గురూ ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని షెడ్డులో ప్రవేశించి, దుమ్ము ఉన్నట్టు తమకు కనిపించలేదని రుమాళ్ళ లోపలి నుంచే చెప్పారు. దుమ్ము పట్టిన ఆ రుమాళ్ళను సేకరించి, కవర్లలో పెట్టి, తేదీ వేసి, మేనేజరు బల్ల మీద ఉంచాను. మర్నాడు షెడ్డుకు తాళం పడింది. ఇసుకను తడిపి కలిపే యంత్రం వచ్చేదాకా తీయరు. నన్ను ప్యాకింగుకు మార్చారు. సీసాలు లెక్కపెడతాను. తూచను.

నాలుగు. నువ్వు వచ్చే నెల రావచ్చు. అనుమతి మంజూరైంది. ఏడవనని హామీ ఇవ్వలేను.

ఐదు. నిన్న మిక్సరు తాత ఇంటికి వెళ్ళాను.

గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. సగానికి సగమయ్యాడు. కోడలు నన్ను గుర్తుపట్టి, "సంతకం మేడమ్ వచ్చారు మామయ్యా!" అంది. ఆ ఇంట్లో నా పేరు అది. నాలుగేళ్ళ కిందటి నకలును ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచారట. తాత మరీ ఎక్కువ దగ్గినప్పుడు కొడుకు అది తీసి చూపిస్తాడట. "ఏమీ లేదని ఇంత స్పష్టంగా రాసిచ్చారు కదా నాన్నా, ఊరికే దగ్గుతావేం?"

ఏం చెప్పాలో దారిపొడుగునా వల్లె వేసుకుంటూ వెళ్ళాను. ఒక్కటీ గుర్తురాలేదు. "తాతా, నేను తప్పు రాశాను. నీ దగ్గు వయసుది కాదు, షెడ్డుది. నాకూ అదే" అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"అయితే నాది నిజమైన దగ్గేనా అమ్మా?"

"నిజమైనదే తాతా."

కోడలి వైపు తిరిగి, "విన్నావుటే?" అన్నాడు. మళ్ళీ నా వైపు తిరిగి, "విన్నది చాలదమ్మా. మావాడు కాగితమైతేనే నమ్ముతాడు. రాసివ్వండి" అన్నాడు.

సంచిలోంచి కాగితం తీసి రాశాను: "ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది ఏమనగా, ఈయన దగ్గు యథార్థమైనది. ముప్ఫై ఏళ్ళ పనిలో వచ్చినది. ఇంతకుముందు ఇచ్చిన పత్రం చెల్లదు. పొరపాటు దగ్గినవారిది కాదు, కొలిచినవారిది." ఎక్కడికి వెళ్ళాలో, ఏ డాక్టరును అడగాలో వెనక రాశాను. సంతకం పెట్టాను. గట్టిగా చదవమన్నాడు. చదువుతుంటే "యథార్థమైనది" దగ్గర నాకు దగ్గు వచ్చింది. వింటున్న ఆయనకూ వచ్చింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ, ఆగకుండా దగ్గాం. కోడలు నీళ్ళ గ్లాసు పట్టుకుని, ముందు ఎవరికివ్వాలో తెలియక మధ్యలో నిలబడిపోయింది. తాత చేయెత్తి, ముందు నాకివ్వమని సైగ చేశాడు.

అక్క